మోత తగ్గిన కారులో సఖినేటిపల్లికి

గుడివాడ దగ్గరి మా ఊరి నుండి నర్సాపురం వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ముదినేపల్లి, కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం, వీరవాసరం మీదుగా పోయే ఆ దారిలో 1990వ దశకంలో మేము ఎన్నిసార్లు వెళ్లి వచ్చామో లెక్కలేదు. నర్సాపురంలో వశిష్ఠ గోదావరి ఒడ్డున పంటు ఎక్కి అవతలికి దాటితే సఖినేటిపల్లి. అక్కడ మా అమ్మమ్మ చెల్లెలు ఉండేది. అమ్మమ్మ అంటే మాలో ఒకరికి తల్లి, మరొకరికి అత్తగారు. పిల్లలు పిలిచే పిలుపే ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. ఆమె చెల్లెలిని అందరం చిన్నమ్మమ్మ అనేవాళ్లం.

ఆ దారి చూడముచ్చటైనది. కైకలూరు దాటగానే కొల్లేటి గాలి ముఖానికి తగులుతుంది. అప్పటికే రోడ్డుకు రెండు ప్రక్కలా చేపల చెరువులు వచ్చేశాయి గాని, గూడకొంగలు మాత్రం వాటి పాటికవి ఎగురుతూనే ఉండేవి. (కొల్లేటిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది 1999 చివరలో.) ఆకివీడుకు ముందు ఉప్పుటేరు వస్తుంది. కొల్లేటి నీటిని సముద్రానికి మోసుకుపోయేది ఆ ఏరే. కృష్ణా జిల్లాకూ పశ్చిమ గోదావరికీ అప్పట్లో పొలిమేర కూడా అదే. 2022లో జిల్లాలు మారిన తరువాత ఆ లెక్క పోయింది. అక్కడి నుండి కాలువలు, కొబ్బరిచెట్లు, వరిచేలు.

ఇన్ని చూశాం గాని, ఆ దారిలో చాలాకాలం మాకు వినిపించింది ఒక్కటే. మా కారు మోత.

అది 1984 మోడలు డీజిలు అంబాసిడర్. 1995లో ఒక టాక్సీ యజమాని దగ్గర కొన్నాం. అమ్మేటప్పుడు ఆయన, "ఇంజను గట్టిది మాస్టారూ, కాస్త మాట్లాడుతుంది అంతే" అన్నాడు. కాస్త కాదు, మనలను ఒక్క మాట కూడా మాట్లాడనివ్వకుండా అదే మాట్లాడేది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను తీసుకొని, కలకత్తా దగ్గర ఉత్తరపారలో 1957 నుండి తయారుచేసిన బండి ఇది. 2014లో తయారీ ఆగిపోయేదాకా దాని ఆకారం పెద్దగా మారలేదు. గుంటల రోడ్డు మీద దానికి సాటి లేదు. ఎనిమిదిమంది ఎక్కినా కాదనదు. అయితే డీజిలు ఇంజను పెట్టిన అంబాసిడర్‌లో కూర్చుంటే పిండిమరలో కూర్చున్నట్టే.

డీజిలు ఇంజనుకు ఆ మోత పుట్టుకతోనే వచ్చింది. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నుండి నిప్పురవ్వ వచ్చి అంటిస్తుంది. డీజిలు ఇంజనులో రవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. అది ఒక్క పెట్టున భగ్గుమంటుంది గనుక ప్రతిసారీ లోపల సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. నాలుగు సిలిండర్లలో నిమిషానికి కొన్ని వేలసార్లు ఆ సుత్తి పడుతుంటే రేకులన్నీ దానికి తాళం వేస్తాయి.

మనుషులు మామూలుగా మాట్లాడుకొనే మాట 60 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలకు మించి గడపడం చెవికి హాని అని వైద్యులు హద్దు పెట్టారు. మా కారులో ఎంత ఉండేదో కొలవడానికి మా దగ్గర సాధనమేమీ లేదు. కాని మూరెడు దూరంలో ఉన్నవారితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తుంటే ఆ హద్దు దరిదాపుల్లో ఉన్నట్టే. సఖినేటిపల్లి వెళ్లి వచ్చిన రాత్రి మా ఇద్దరి చెవుల్లోనూ కీచురాయి పలికేది.

అమ్మమ్మకు అప్పటికి పదేళ్లుగా వినికిడి తక్కువ. జేబులో డబ్బీ, చెవిలోకి తీగ ఉండే మిషను వాడేది. ఆ కాలపు మిషన్లకు మాటేదో మోతేదో తెలియదు, వచ్చిన ప్రతిదాన్నీ పెద్దది చేసి చెవిలో పోస్తాయి. అందుచేత కారు ఎక్కగానే ఆమె మిషను కట్టేసి, కొంగు తలచుట్టూ కప్పుకొని, వెనుక సీటులో కిటికీ వైపు తిరిగి కూర్చొనేది. నర్సాపురం దాకా పలుకు ఉండేది కాదు. ఆమెకు ప్రయాణం పడదని మేము అనుకొనేవాళ్లం. కొన్నిసార్లు కోపమేమో అని కూడా అనుకున్నాం.

1998 వేసవిలో మా సొంత తెలివితో ఒక పని చేశాం. ఇంటి కప్పుకు వేయగా మిగిలిన తారు షీటు ఉంటే, దాన్ని ముక్కలుగా కోసి కారు కాళ్ల దగ్గర, తివాచీ కింద పరిచాం. బానెట్ లోపలి వైపున పాత పరుపులోని స్పాంజిని జిగురుతో అంటించాం. ఏప్రిల్ నెలంతా మోత కొంచెం తగ్గినట్టే ఉంది. మే నెల వచ్చింది. భీమవరంలో మధ్యాహ్నం ఒక గంట ఎండలో ఆపి తిరిగి తలుపు తెరిచేసరికి, రోడ్డు వేస్తున్నచోట నిలబడ్డట్టు వాసన! తారు కరిగి తివాచీకి, చెప్పులకు, అమ్మమ్మ చీర అంచుకు అంటుకుంది. దారిలో ఆమె రెండుసార్లు వాంతి చేసుకుంది. ఇంటికి వచ్చి కిరసనాయిలు, గరిటె పట్టుకొని రెండు రోజులు గోకాం. ఆ చీర మాత్రం బాగుపడలేదు.

అదే ఏడు నవంబరులో మరొక సంగతి వచ్చింది. చిన్నమ్మమ్మను భీమవరంలో డాక్టరుకు చూపించాం. ఆయన మా ఇద్దరినీ ప్రక్కకు పిలిచి, ఇక నెలల మాటేనని, వీలైనప్పుడల్లా వచ్చి చూసి పొమ్మని చెప్పారు. ఈ మాట అమ్మమ్మకు చెప్పాలి. ఎలా చెప్పాలి? ఆమెకు చెప్పాలంటే గట్టిగా చెప్పాలి. గట్టిగా చెబితే మా ఇంట్లో ఉన్నవారికే గాక వీధిలో పోయేవారికి కూడా వినబడుతుంది. సొంత చెల్లెలి సంగతి ఆమె అలా అరుపులో వినడం మాకు ఇష్టం లేకపోయింది. ముగ్గురమే ఉండేది కారులో. కారులోనేమో పిండిమర. ఇలా రెండు ప్రయాణాలు చెప్పకుండానే గడిచిపోయాయి.

డిసెంబరులో కోతలయ్యాక, బండిని బెజవాడ ఆటోనగర్‌కు తీసుకొనిపోయాం. కంకిపాడు, పెనమలూరు, పోరంకి దాటి కానూరు వచ్చేసరికే లారీల వరుస మొదలవుతుంది. జవహర్ ఆటోనగర్ చూడనివారికి దాన్ని వర్ణించడం కష్టం. వీధులకు వీధులే షెడ్లు. ఒక వీధిలో లారీ బాడీలు కట్టే వడ్రంగులు, ఒక వీధిలో లేతు మిషన్లు, ఒకచోట కమాన్ పట్టీలు, ఒకచోట రేడియేటర్లు, ఇంకొకచోట పేర్లూ పువ్వులూ రాసే పెయింటర్లు. నేల నల్లగా నూనె తాగి ఉంటుంది. ఆసియాలో ఇంత పెద్దది లేదని అక్కడివారు గొప్పగా చెప్పుకుంటారు. మోత తగ్గించుకోవడానికి అంత మోత ఉన్న చోటికి వెళ్లామని మాకు నవ్వు వచ్చింది.

సీట్ల పని చేసే ఒక పెద్ద సాయిబుగారి దగ్గరకు మమ్మల్ని పంపారు. ఆయన మా గోడు విని, షీట్లు చూపిస్తాడనుకుంటే, ముందు బానెట్ ఎత్తించాడు. మా స్పాంజి చూసి ఒక్క మాటైనా అనకుండా మొత్తం పీకి కింద పడేశాడు. దాన్ని పిండితే డీజిలు కారింది.

"మాస్టారూ, సైలెన్సరు గొట్టం ఎర్రగా కాలేది ఇక్కడే. దాని నెత్తిన నూనె గుడ్డ కట్టారు. దేవుడు దయగలవాడు" అన్నాడు.

తరువాత ఇంజను ఆడిస్తూ, దాన్ని రెండు చేతులతో ఊపి చూడమన్నాడు. ఇంజను కూర్చొనే రబ్బర్లు రాయిలాగా గట్టిపడి ఉన్నాయి, ఒకటి చిరిగిపోయింది. రబ్బరు మెత్తగా ఉన్నంతకాలం ఇంజను వణుకు ఇంజనులోనే ఉంటుంది. రబ్బరు గట్టిపడితే ఆ వణుకు చాసిస్‌లోకి, అక్కడి నుండి మన సీటులోకి వస్తుంది. సైలెన్సరు క్లాంపు వదులై గొట్టం అడుగురేకును తంతోంది. "ఇవన్నీ మెకానిక్ పని. నాజిల్స్ కూడా ఒకసారి పరీక్ష చేయించండి, నూనె సరిగా చిమ్మకపోతే దెబ్బ గట్టిగా పడుతుంది. పుట్టేచోట తగ్గించాక నా దగ్గరికి రండి. అప్పుడు దుప్పటి కప్పుదాం." ఆయనకు మా పని మీద డబ్బు వచ్చేది దుప్పటి కప్పితేనే. అయినా మమ్మల్ని ముందు వేరే షెడ్డుకు పంపించాడు.

పటమటలో చుట్టాల ఇంట పడుకొని మర్నాడు సాయంత్రానికి మళ్లీ వచ్చాం. రబ్బర్లు, క్లాంపు మార్చడంతోనే తేడా తెలిసింది. చీకటి పడేదాకా ఆగమన్నాడు సాయిబుగారు. అప్పుడు బానెట్ కింద ఒక బల్బు వెలిగించి, పైన గోనెపట్టా కప్పి, మమ్మల్ని కారులోపల కూర్చోబెట్టి తలుపులు వేశాడు. "కాళ్ల దగ్గర చూడండమ్మా" అన్నాడు బయట నుండి.

చూశాం. ఇంజనుకూ మాకూ నడుమ ఉన్న రేకులో నక్షత్రాలు పొడిచినట్టు వెలుగు! స్టీరింగు కడ్డీ ప్రక్కన ఒకటి, క్లచ్చి, బ్రేకు పెడళ్ల చుట్టూ రెండు, వైర్లు పోయేచోట ఒకటి, స్పీడు మీటరు తీగ దగ్గర ఒకటి, ఎప్పుడో ఏదో బిగించి తీసేసిన బోల్టు కంతలు కొన్ని, అంచున తుప్పు తిన్న చీలిక ఒకటి. మొత్తం పదకొండు లెక్కపెట్టాం. వెలుగు వచ్చేచోట నుండి గాలి వస్తుంది, గాలి వచ్చేచోట నుండి మోత వస్తుంది. ఎంత మందం షీటు వేసినా, వేలు దూరేంత కంత ఒకటి వదిలితే వేసినదంతా దండుగేనని ఆయన చెప్పాడు. తలుపు మూసి కిటికీ తెరిచి పడుకున్నట్టన్నమాట. మీలో ఎవరికైనా పాత కారు ఉంటే ఈ బల్బు పరీక్ష మీరే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

తక్కిన పని రెండు రోజులు పట్టింది. టింకరింగు కుర్రవాడు తుప్పు చీలికకు రేకు అతికాడు. కంతలన్నిటికీ రబ్బరు బిళ్లలు, పుట్టీ పెట్టారు. నేలరేకు గీకి రెడాక్సైడ్ పూశారు. దాని పైన కార్ల కోసమే చేసే తారు షీటు ముక్కలను బ్లోలాంపుతో వెచ్చచేసి చెక్క రోలరుతో అణిచారు. మేము వేసినటువంటిది కాదు, ఎండకు కారదు. రేకంతా కప్పనవసరం లేదట. మధ్యలో, వణుకు ఎక్కువగా ఉండేచోట, పావు నుండి సగం దాకా అంటిస్తే చాలు. తలుపు రేకును వేలి కణుపుతో కొట్టి చూపించాడు. అంతకుముందు ఖాళీ డబ్బాలాగా ణంగుమనేది, ఇప్పుడు చెక్కబీరువాలాగా దబ్‌మంది. "ఇది మోతను ఆపేది కాదమ్మా, రేకు వణుకును ఆపేది. మోతను తాగేది వేరు, అడ్డుకొనేది వేరు" అన్నాడు. తాగడానికి దళసరి ఫెల్టు, అడ్డుకోవడానికి దాని మీద బరువైన రబ్బరు చాప. బరువు ఎక్కువైతేనే ఆ చాప పనిచేస్తుంది, తేలికగా ఉన్నది ఎంత మందంగా ఉన్నా లాభం లేదు. బానెట్‌కు స్పాంజి బదులు అల్యూమినియం పొర ఉన్న గాజుపీచు దిండు, అదీ సైలెన్సరు గొట్టానికి ఎడంగా. తలుపులకు కొత్త రబ్బరు బీడింగు.

మాలో ఒకరు ఉత్సాహంకొద్దీ తలుపుల అడుగున ఉన్న చిన్న కంతలకు కూడా పుట్టీ పెట్టబోతే ఆయన చేయి పట్టుకొని ఆపాడు. అవి వాననీళ్లు కారిపోవడానికి ఉన్నవి, మూస్తే తలుపు లోపలి నుండి కుళ్లిపోతుంది.

అంతా కలిపి బండి పాతిక కిలోలు బరువెక్కింది. మాకు నాలుగు వేల చిల్లర అయింది, ఆ రోజుల్లో అది మా లెక్కకు చిన్నది కాదు. సాయిబుగారి కూలి అందులో ఆరో వంతు కూడా లేదు.

ఆటోనగర్ గేటు దాటి బందరు రోడ్డు ఎక్కాక మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇంజను ఉంది, దాని టకటక ఉంది, కాని ప్రక్కగదిలో ఉన్నట్టు ఉంది. మోత పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. డీజిలు అంబాసిడర్ పెట్రోలు మారుతీ కాదు. అంతేగాక, పెద్ద మోత తగ్గేసరికి దాని చాటున ఉన్న చిన్న మోతలన్నీ బయటికి వచ్చాయి. టైర్ల రొద, అద్దాల గిలక, డిక్కీలో జాకీ దొర్లడం. ఇంతకాలం ఇవన్నీ ఉన్నాయని మాకు తెలియనే తెలియదు. ఇంజను చప్పుడును బట్టి గేరు మార్చడానికి అలవాటుపడిన చేయి మొదటి వారం కొంచెం తడబడింది కూడా.

సంక్రాంతి సెలవులు అయిపోయాక, 1999 జనవరిలో, ముగ్గురం సఖినేటిపల్లికి బయలుదేరాం. అమ్మమ్మ అలవాటు ప్రకారం మిషను కట్టేసి కొంగు కప్పుకుంది. ముదినేపల్లి దాటాక, "అమ్మా, మిషను పెట్టుకో, ఒకసారి చూడు" అని సైగ చేశాం. అయిష్టంగానే పెట్టుకుంది. మీట తిప్పింది. మొదట ముఖం చిట్లించి, తరువాత కొంగు తీసివేసింది.

"బండి మార్చారా?" అంది.

కైకలూరు దాకా మామూలు మాటలే. ఎవరి పొలంలో ఏ వంగడం, ఏ చెరువు ఎవరు తవ్వించారు. ఉప్పుటేరు వంతెన దిగాక, రోడ్డు ప్రక్కన కారు ఆపకుండానే, గొంతు పెంచకుండానే, మాలో ఒకరు వెనుకకు తిరిగి డాక్టరుగారు చెప్పిన మాట చెప్పాం. అమ్మమ్మ చాలాసేపు కాలువ వైపు చూసింది. ఉండి ఊరు వచ్చి వెళ్లిపోయింది.

"నాకు తెలుసు" అంది చివరికి. "నవంబరులో మీరిద్దరూ ముందు సీట్లో కూర్చొని అరుచుకుంటూ మాట్లాడుకున్నారు గదా. నా మిషను కట్టేసే ఉంది. అద్దంలో మీ పెదవులు కనబడ్డాయి. నాకు చెప్పడం మీకు కష్టంగా ఉందనుకొని ఊరుకున్నాను."

మేము ఆమె నుండి దాస్తున్నామనుకున్నాం. ఆమె రెండు నెలలుగా మాకోసం దాచింది. వెనుక సీటులో కిటికీ వైపు తిరిగి మౌనంగా కూర్చున్న ఆమెను చూసి కోపమేమో అనుకొన్న మాకు ఏం మాట్లాడాలో తోచలేదు. భీమవరంలో ఆగి టీ త్రాగాం. ఆమె తన చెల్లెలికి ఇష్టమని బత్తాయిలు కొనిపించింది.

నర్సాపురం రేవులో కారును పంటు ఎక్కించి ఇంజను ఆపాం. గోదావరి మీద ఎండ. అమ్మమ్మ అద్దం దించి పంటువాళ్ల కేకలు వింటూ కూర్చుంది. ఆ ఊళ్లో పుట్టి, ఆ రేవులో ఆడుకున్న మనిషి ఆమె.

చిన్నమ్మమ్మ మంచం మీద లేచి కూర్చొనే ఉంది. మధ్యాహ్నం భోజనమయ్యాక, తనకు ఏటిగట్టు చూడాలని ఉందని అంది. ఇద్దరు అక్కచెల్లెళ్లనూ వెనుక సీటులో కూర్చోబెట్టి, దిండ్లు సర్ది, గట్టు వెంట మెల్లగా నడిపించాం. వారి మాటలు ముందు సీటుకు వినబడుతున్నాయి. మూడు సంవత్సరాలుగా ఆ కారు నడుపుతున్నాం గాని, వెనుక సీటులో మాట్లాడుకొనేది ముందుకు వినబడటం అదే మొదలు.

వారి మాటలన్నీ లేసు అల్లిక గురించి. స్కాట్లాండు నుండి వచ్చిన మిషనరీ దంపతులు 19వ శతాబ్దంలో నర్సాపురం ప్రాంతపు స్త్రీలకు నేర్పిన పని అది. ఈ అక్కచెల్లెళ్లు కూడా పదేళ్లు నిండకముందే అరుగు మీద కూర్చొని సూది పట్టారట. దారం ఇచ్చేవాడు తూకంలో ఎలా మోసం చేసేవాడో, దీపం గుడ్డిదైతే అల్లిక ఎలా తప్పేదో, తప్పిన పువ్వును అమ్మ చూడకుండా ఎలా విప్పేవారో.

"నీ అల్లిక వదులు, అక్కా. నాది బిగువు. అందుకే నా పువ్వులకే ఎక్కువ డబ్బులిచ్చేవాడు."

"నీది బిగువు కాదు. నువ్వు దారం దొంగిలించేదానివి, అందుకని పువ్వు చిన్నదయ్యేది."

ఇద్దరూ నవ్వారు. చిన్నమ్మమ్మకు నవ్వితే దగ్గు వచ్చింది. కాసేపు ఆపి నీళ్లు త్రాగించాం.

మళ్లీ కదిలాక అమ్మమ్మ ముందుకు వంగి మా భుజం తట్టింది. "ఈ తలుపులో ఏదో టకటకమంటోంది, మీకు వినబడటం లేదూ?"

చిన్నమ్మమ్మ ఆశ్చర్యపోయి అక్క ముఖంలోకి చూసింది. మేము కారు ఆపి, దిగి, తలుపు బీడింగు దగ్గర చెవి పెట్టి కొట్టి చూశాం. ఆమె చెప్పింది నిజమే. అద్దం పట్టీ బిగించే స్క్రూ ఒకటి ఊడి తలుపు అడుగున పడి దొర్లుతోంది.